ఆ పిల్ల వెనకాల నేను, నా వెనకాల రోడ్డంతా

నన్ను బెంగళూరులో పోలీసులు ఆపిన మాట నిజమే. మా ఆయన తన బ్యాటరీల షాపుకు వచ్చిన ప్రతివాడికీ ఆ సంగతి చెబుతున్నాడని నిన్న కూరగాయల దగ్గర తెలిసింది. అమ్మే ఆవిడ టమాటాలు తూస్తూ, "అక్కా, లోపలేసిన్రా, ఉత్తగనే ఇడిచిపెట్టిన్రా?" అని అడిగింది. ఇలా వదిలేస్తే ఇంకో వారంలో ఆయన నా చేతులకు బేడీలు కూడా వేసేస్తాడు. కాబట్టి చాయ్ పోసుకుని కూర్చోండి, జరిగింది జరిగినట్టు నేనే చెబుతాను.

నాకు ఇద్దరు పిల్లలు. ఇద్దరినీ ఫోన్ మీదే పెంచుతున్నాను. చిన్నోడు వరంగల్‌లో హాస్టల్‌లో ఉంటాడు. వాడితో పేచీ లేదు, తిన్నావా అంటే తినకపోయినా తిన్నానంటాడు. పెద్దది హారిక. బెంగళూరులో ఉద్యోగం. మొన్నటిదాకా ఊరికి ఆ చివర లేడీస్ హాస్టల్‌లో ఉండేది. రానూపోనూ ప్రయాణానికే ప్రాణం పోతోందని, ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఆఫీసు పక్కనే ఒక ఫ్లాట్‌లోకి మారతానంది. మంచిదే కదా అనుకున్నాను. ఏరియా పేరు చెప్పింది. ఫోన్‌లో వెతికాను.

వెతక్కుండా ఉండాల్సింది. ఆ రోడ్డు పొడుగునా పబ్బులే. ఫొటోల నిండా నీలం లైట్లు, పొగ, గ్లాసులు. ఒంటరిగా ప్రయాణం చేసే ఆడపిల్లకు సాయంత్రం పూట ఇక్కడ భయం లేదు కదా అని ఎవరో అడిగితే, కింద చాలామంది జవాబులు రాశారు. సగం మంది ఏం భయం లేదన్నారు. మిగతా సగం జాగ్రత్త అన్నారు. నేను ఆ రెండో సగాన్నే మళ్ళీ మళ్ళీ చదివాను.

"బిడ్డా, గా జాగల ఉండుడు వద్దు" అన్నాను ఫోన్‌లో.

"అమ్మా, నేను పబ్బుల ఉంటనంటలేను. పక్క గల్లీల ఉంటనంటున్న."

"పక్క గల్లీకి పోవాలంటే గా రోడ్డు దాటాలె గద."

"మరి ఉద్యోగం ఇడిచిపెట్టాల్నా? రోజు గింత దూరం తిరుగుడు నాతోని అయితలేదమ్మా."

"నేనొచ్చి చూస్త. మంచిగనిపిస్తె ఉండు. లేకుంటె సామాను సర్దుకొని నాతోని బస్సెక్కు."

"సరే" అంది. ఆ సరే ఎలాంటిదో తల్లికి తెలియకుండా ఉంటుందా. ఆ ఉద్యోగం కోసం అది ఎన్ని ఇంటర్వ్యూలకు తిరిగి, ఎన్నిసార్లు ఏడ్చి, మొహం కడుక్కుని మళ్ళీ వెళ్ళిందో నేను చూశాను. అయినా నా పట్టు నేను విడవలేదు.

నేను సిద్దిపేట పక్కన కొండపాకలో మండలాఫీసులో పని చేస్తాను. మా దగ్గర ఏ దరఖాస్తు వచ్చినా మనిషి వెళ్ళి కళ్ళారా చూసి రావాల్సిందే. అదీ ముందుగా చెప్పకుండా వెళ్ళాలి. చెప్పి వెళ్తే వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టి ఉంచుతారు, చూడటానికి ఏమీ మిగలదు. ఇన్నేళ్ళ సర్వీసులో నాకు ఒంటబట్టిన విద్య అదొక్కటే.

శనివారం పొద్దున దిగాను. ఫ్లాట్ శుభ్రంగా ఉంది. తలుపుకు రెండు గొళ్ళాలు, కింద వాచ్‌మన్. తప్పు పట్టడానికి గట్టిగానే ప్రయత్నించాను గానీ బాత్రూంలో బకెట్ చిన్నదిగా ఉండటం తప్ప ఏమీ దొరకలేదు. హారికకు ఆ రోజు కూడా ఆఫీసు ఉంది. వెళ్తూ వెళ్తూ చెప్పింది.

"ఇయ్యాల జల్ది వస్త. ఇద్దరం కలిసి పోయి రోడ్డు చూద్దాం. నువ్ ఒక్కదానివే పోకు, తొవ్వ తప్పుతవ్."

అది దగ్గరుండి చూపిస్తే ఇంకేం తనిఖీ? దీపాలు పెట్టే వేళకు నేనే బయల్దేరాను.

నా వేషం కొంచెం చెప్పాలి, తర్వాత పోలీసులు కూడా దాని గురించే అడిగారు. సిద్దిపేటలో స్కూటీ ఎక్కే ఆడవాళ్ళం అందరం ముఖానికి స్కార్ఫ్ చుట్టుకుంటాం కదా, కళ్ళు తప్ప ఏమీ కనిపించకుండా. అలాగే చుట్టుకున్నాను. దుమ్ము ఒక కారణం. పబ్బుల రోడ్డు మీద తెలిసినవాళ్ళెవరైనా చూస్తే బాగుండదన్నది ఇంకో కారణం. బెంగళూరు మొత్తంలో నన్ను గుర్తుపట్టేది నా కూతురొక్కతే అన్న సంగతి అప్పుడు తట్టలేదు. కళ్ళకు నల్ల ఫ్రేము జోడు. తుంపర పడుతోందని చేతిలో మా ఆయన గొడుగు, అదీ నల్లదే.

రోడ్డు నేను అనుకున్నంత చీకటిగా లేదు. మా గల్లీలో పెళ్ళి జరిగినా అన్ని లైట్లు పెట్టరు. ప్రతి తలుపు ముందూ నల్ల చొక్కా వేసుకున్న మనిషి ఒకడు, తలుపంత వెడల్పు. వాళ్ళను బౌన్సర్లంటారట. ఒక చోట నేను ఆగి బోర్డు చదువుతుంటే, ఒక బౌన్సరు మర్యాదగా వంగి, ఎంతమంది ఆంటీ అని హిందీలో అడిగాడు. ఒక్కదాన్నే, ఊరికే చూసిపోదామని వచ్చాను అన్నాను. ఈరోజు లేడీస్‌కి ఫ్రీ అన్నాడు. ఫ్రీ అనగానే అక్కడి నుంచి నడక పెంచాను.

అప్పుడు కనిపించింది ఆ పిల్ల.

హారిక కంటే ఒకటి రెండేళ్ళు పెద్దదేమో. వీపు మీద తన ఎత్తుకు సగం ఉన్న బ్యాగు, చేతిలో ఫోను. నాలుగడుగులు వేయడం, ఫోను చూడటం, అటూ ఇటూ చూడటం, మళ్ళీ వెనక్కి రావడం. ఒంటరిగా ఊళ్ళు తిరిగే పిల్ల అని చూస్తేనే తెలుస్తోంది. ఒక కారు దాని పక్కన నెమ్మదించింది. లోపలి నుంచి ఏదో అన్నారు, నవ్వారు, కారు వెళ్ళిపోయింది. పిల్ల బ్యాగు పట్టీలు గట్టిగా పట్టుకుంది.

నా కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి. దానికి కారణం మా గల్లీ.

మా గల్లీలో ఒక అలవాటు ఉంది. పొద్దుగూకాక ఎవరి ఆడపిల్ల ఒంటరిగా వస్తున్నా, ట్యూషన్ నుంచి గానీ బస్టాండు నుంచి గానీ, బయట కూర్చున్నవాళ్ళలో ఒకరు లేస్తారు. "జర పిల్ల ఎన్కాల పోయొస్త" అని, ఆ పిల్ల ఇల్లు చేరేదాకా కొంచెం ఎడంగా వెనకాల నడుస్తారు. పిలవరు, పలకరించరు. పలకరిస్తే పిల్ల నామోషీగా అనుకుంటుందని. పిల్ల కూడా తిరిగి చూడదు. ఎవరో ఒకరు ఉంటారని దానికి తెలుసు. హారిక ఇంటర్ చదివేటప్పుడు కరీమా ఆపా దాని వెనక ఎన్ని సాయంత్రాలు నడిచిందో లెక్కలేదు. ఆమె మనవరాలి వెనక నేను నడిచాను. ఇందులో అడిగేది లేదు, చెప్పేది లేదు.

బెంగళూరులో ఆ పిల్లకు ఈ సంగతి తెలియదని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

ఎడంగా నడుస్తున్నాను. పిల్ల వెనక్కి తిరిగి చూసింది. కొత్త పిల్ల కదా, అలవాటు లేదు అనుకున్నాను. ఇంకొంచెం దూరం వెళ్ళి మళ్ళీ చూసింది. ఈసారి నేను ధైర్యంగా ఉండమన్నట్టు తల ఊపాను. నడక పెంచింది. ఎవడో వెంటపడుతున్నట్టున్నాడు, లేకపోతే ఎందుకంత తొందర అనుకుని నేనూ వెనక్కి తిరిగి చూసి, నడక పెంచాను. రోడ్డు దాటింది. నేనూ దాటాను. ఏదో షాపు అద్దం ముందు ఆగింది. నేనూ ఆగి, ఆ అద్దంలో ఉన్న బూట్లు చూశాను. మగవాళ్ళ బూట్లు. చాలాసేపు చూశాను.

ఉన్నట్టుండి గబగబా మలుపులో ఉన్న మందుల షాపులోకి వెళ్ళిపోయింది. పాపం, ప్రయాణం బడలికకు తలనొప్పి వచ్చి ఉంటుంది అనుకుని బయట రేకు కింద నిలబడ్డాను. ఎంతకీ రాదు. అద్దంలోంచి తొంగి చూశాను. కౌంటర్ వెనక షాపాయన పక్కన నిలబడి ఫోన్‌లో మాట్లాడుతోంది. నన్ను చూసింది. భయం లేదు బిడ్డా, నేనున్నాను అన్నట్టు గొడుగు కొంచెం పైకెత్తి చూపించాను. ఆ పిల్ల చేతిలో నీళ్ళ సీసా జారి కింద పడింది.

ఇంతలో నా పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. చూస్తే, ఎదురుగా ఉన్న పబ్బు బౌన్సరు. చేతులు కట్టుకుని, ఒక్క మాట లేకుండా. నేను కొంచెం జరిగాను, అతనూ జరిగాడు. ఇటు వచ్చాను, ఇటు వచ్చాడు. అప్పుడు అర్థమైంది నాకు. వీడే. వీడి వల్లే ఆ పిల్ల అంత భయపడుతోంది. నేను వెళ్ళి షాపు గుమ్మానికి అడ్డంగా నిలబడి, గొడుగు మూసి కర్రలా పట్టుకున్నాను. లోపలికి పోవాలంటే నన్ను దాటి పోవాలి అన్నట్టు. లోపల ఒక ఆడపిల్ల ఉంది కదా.

సరిగ్గా అప్పుడు ఇద్దరు ఆడ పోలీసులు బండి మీద వచ్చి ఆగారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. చెయ్యెత్తి నేనే పిలిచాను, హిందీలో, మా సిద్దిపేట హిందీలో. "మేడమ్, మంచి టైముకు వచ్చారు. లోపల పిల్ల ఉంది, ఒక్కతే. వీడు ఇందాకటి నుంచి ఇక్కడే ఉన్నాడు" అని బౌన్సరును చూపించాను.

బౌన్సరు నన్ను చూపించాడు. అద్దం లోపలి నుంచి పిల్ల నన్ను చూపించింది. షాపాయన చేతిలో మందుల చీటీ ఉంది, దానితో నన్నే చూపించాడు.

అంతమందిలో నేనొక్కదాన్నే బౌన్సరు వైపు చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాను. మెల్లగా దించాను.

"స్కార్ఫ్ తియ్యండి" అంది పెద్ద పోలీసమ్మ. నా హిందీ విని కనిపెట్టిందో ఏమో, తెలుగులోనే అడిగింది. కోలారు వైపు మనిషట.

తీశాను. చెమటకు కుంకుమ ముక్కు దాకా కారి ఉంది. పిల్ల షాపులోంచి బయటికి వచ్చి నా ముఖం చూసి, "అరే, ఆంటీ?" అంది. ఆ గొంతులో భయం పోయి, ఏదో నిరాశ కూడా ఉందని నాకు అనిపించింది.

"యా ఊరమ్మా మీది? ఆ పిల్ల ఎనకాల ఎందుకు పడినారు?"

"మాది సిద్దిపేట మేడమ్. ఎనకాల పడలే, ఎనకాల నడిసిన. పిల్ల ఒక్కతె ఉందని."

"ఆ పిల్ల మీకు తెలుసునా?"

"తెల్వదు."

"తెలియని పిల్ల ఎనకాల ముఖానికి గుడ్డ కట్టుకోని ఎవురైనా పోతారామ్మా?"

"మా గల్లీల గంతే మేడమ్, తెల్వకున్నా పోతం" అన్నాను. చెబుతూ ఉండగానే అది ఎలా వినిపిస్తోందో నాకే తెలిసింది. ఆ పిల్ల వైపు తిరిగి హిందీలో కూడా చెప్పాను, "హమారే గల్లీ మే ఐసాచ్ కర్తే" అని. బౌన్సరు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికి అంత పెద్ద మనిషి అంత కష్టపడటం నేను చూడలేదు.

ఇక్కడ మీకు తెలిసినవాళ్ళు ఎవరున్నారంటే హారిక నంబరు ఇచ్చాను. పోలీసమ్మ నా ఫోన్ నుంచే స్పీకర్ పెట్టి చేసింది.

"మీ అమ్మగారు మా దగ్గర ఉండారమ్మా. పోలీసులం."

"ఏమైంది మా అమ్మకు? ఎవరన్న ఏమన్న చేసిన్రా?" అంది హారిక.

"ఎవురూ ఏమీ చెయ్యలేదు తల్లీ. చేసిందంతా ఆమే."

పక్క రోడ్డే కాబట్టి వెంటనే పరిగెత్తుకుంటూ వచ్చింది, మెడలో ఐడీ కార్డు వెనక్కి తిరిగిపోయి. రావడం రావడమే నన్ను పట్టుకుని తల నుంచి కాళ్ళ దాకా చూసుకుంది.

"ఒక్కదానివి పోకు అని చెప్పిన్నా లేదా? ఫోన్ చేస్తె ఎందుకెత్తలే? ఏడికి పోయిన చెప్పి పొమ్మని ఎన్నిసార్లు చెప్పాలె?"

అవి నా మాటలే. రోజూ నేను దానికి చెప్పేవే, అక్షరం పొల్లుపోకుండా. తల వంచుకుని నిలబడ్డాను. ఏం చెప్పినా ఎదురు మాట్లాడొద్దని అప్పటికే అర్థమైంది.

అది పోలీసులకు, ఆ పిల్లకు అంతా విడమరిచి చెప్పింది, గల్లీ సంగతి, కరీమా ఆపా సంగతితో సహా. అప్పుడు గానీ ఆ పిల్ల నవ్వలేదు. పేరు మీనల్, నాగపూర్ నుంచి వచ్చిందట. ఒంటరిగా ఊళ్ళు చూడటం దాని సరదా. వెనకాల ఎవరో వస్తున్నట్టు అనిపిస్తే హోటల్ వైపు వెళ్ళకూడదని, లైట్లున్న షాపులోకి వెళ్ళి మనుషుల మధ్య నిలబడి పోలీసులకు ఫోన్ చేయాలని వాళ్ళమ్మ నేర్పిందట. నిజంగా వెంటపడుతున్నారో లేదో చూద్దామనే రోడ్డు దాటిందట, బూట్ల షాపు ముందు ఆగిందట. మీరు ఆ బూట్లు అంతసేపు చూసేసరికి నాకు గట్టిగా నమ్మకం కుదిరింది ఆంటీ అంది.

షాపాయన మీనల్ లోపలికి రాగానే కౌంటర్ వెనక్కి పిలిచాడట. బౌన్సరుకు సైగ చేసింది కూడా ఆయనేనట. ఆ బౌన్సరు మా ఇద్దర్నీ రోడ్డు దాటినప్పటి నుంచి చూస్తూనే ఉన్నాడట. ఆ మూల మల్లెపూలమ్మే ఆవిడ కూడా, ఆ నల్ల గొడుగామె మీద ఒక కన్నేసి ఉంచమని ఆటోవాళ్ళకు చెప్పిందట.

నేను ఆ పిల్లను చూస్తున్నాననుకున్నాను. రోడ్డంతా నన్ను చూస్తోంది.

చెబితే నమ్మరు గానీ, అంత అవమానంలోనూ నాకు ధైర్యం వచ్చింది. ఇన్నాళ్ళూ ఫోన్‌లో చదివిన ఆ రెండో సగం జవాబులు గుర్తుకు రావడం మానేశాయి. నా పిల్ల ఈ రోడ్డు మీద భయపడితే, చేరుకోవడానికి ఒక తలుపు ఉంది. చూసే కళ్ళు ఉన్నాయి. పిలిస్తే వచ్చేవాళ్ళు ఉన్నారు. అన్నీ ఎప్పుడూ ఇలాగే జరుగుతాయని నేను అనను. కానీ ఇంత పక్కాగా తనిఖీ మా ఆఫీసులో ఎవరూ చేసి ఉండరు.

ఇంతలో మీనల్ ఫోన్ నా చేతికిచ్చింది. వాళ్ళమ్మ లైన్‌లో ఉంది, మాట్లాడతానంటోందట. తిట్టడానికే అనుకుని భయపడుతూ చెవికి పెట్టుకున్నాను. ఆవిడ మొదటి ప్రశ్న, "ఏమైనా తిన్నదా అది?" అని. రెండోది, "హోటల్ ఎలా ఉంది, తలుపుకు గొళ్ళెం ఉందా?" అని. నేను చూడలేదండీ అంటే, "మీరు అక్కడే ఉన్నారు కదా, కొంచెం వెళ్ళి చూసి నాకు చెప్పండి" అంది. ఇద్దరం ఎంతసేపు మాట్లాడుకున్నామంటే, పోలీసమ్మలు మమ్మల్ని వదిలి బండెక్కి వెళ్ళిపోయారు.

హోటల్ దాకా మీనల్‌తో నడిచాం. "ఈసారి వెనకాల వద్దు ఆంటీ, పక్కన" అని నా చెయ్యి పట్టుకుంది. గొళ్ళెం గట్టిదే. గదిలో బకెట్ కూడా పెద్దదే.

తిరిగి వస్తుంటే హారిక అడిగింది, మెల్లగా, నా వైపు చూడకుండా.

"ఇగ చెప్పమ్మా. సామాను సర్దాల్నా?"

"సర్దు" అన్నాను.

ఆగిపోయింది.

"నా సామాను సర్దు బిడ్డా. పొద్దున బస్సుంది. నువ్ ఈడనే ఉండు."

నడిరోడ్డు మీద నన్ను వాటేసుకుంది. అటుగా వెళ్తున్న ఒక ఆటోవాడు బండి ఆపి, అంతా బాగానే ఉందా మేడమ్ అని హారికను అడిగాడు. అనుమానంగా చూసింది మాత్రం నన్ను.

ఫ్లాట్‌కు చేరాక మా ఆయన ఫోన్ చేశాడు. "ఏమాయె? ఎట్లుంది ఏరియా? భయమైతే లేదు గద?"

"ఏం భయం లేదు" అన్నాను. "మొత్తం రోడ్డు మీద అనుమానం పడాల్సిన మనిషి ఒక్కతె ఉండె. పోలీసులు పట్టుకున్నరు. పొద్దున సిద్దిపేట బస్సెక్కిస్తున్నరు."